చెప్పు చెప్పిన మాట

అనగా అనగా ఒక రాజ్యం. ఈ కథలో మాట్లాడే నక్కలు లేవు, వరాలిచ్చే దేవతలు లేరు. మాట్లాడేది ఒక్క చెప్పు. అదీ నోరు తెరిచి కాదు. ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి, నిద్రొచ్చేవాళ్ళు ఇప్పుడే పోయి పడుకోండి. మధ్యలో లేస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ రాజ్యం పేరు రేగడిసీమ. నల్లటి నేల. వాన పడితే వెన్నముద్ద, పడకపోతే ఇనుపముద్ద. ఒకసారి మూడేళ్ళు వరసగా వాన పడలేదు. మొదటి ఏడు గాదెలు ఖాళీ అయ్యాయి. రెండో ఏడు పశువులు పోయాయి. మూడో ఏడు ఏం పోయిందో నేను చెప్పనక్కరలేదు.

ఆ సీమలో తుమ్మలగుంట అనే ఊరు. ఆ ఊళ్ళో ఈరమ్మ అని చెప్పులు కుట్టే మనిషి. కరువు చేసే ఎగతాళి చూడండి. పశువులు చచ్చిపోతుంటే ఈరమ్మ ఇంటి ముందు తోలు గుట్టలా పడింది. తోలుకు కొదవ లేదు, కుట్టే చేతికి కొదవ లేదు. తొడుక్కునే కాలికే కొదవ. తినడానికి లేనివాడు చెప్పులు కొంటాడా? చివరికి ఆ తోలునే నానబెట్టి, ఉడకబెట్టి తిన్నారు. చెప్పకూడని మాటే. జరిగింది కాబట్టి చెప్పాను.

ఈరమ్మ పెనిమిటి మొదటి ఏడే జ్వరంతో పోయాడు. మిగిలింది మరిది ఒక్కడు, మారెన్న. ఈరమ్మ కాపురానికి వచ్చేనాటికి వాడికి నాలుగేళ్ళు. అత్త కన్నుమూస్తూ వాడి చెయ్యి ఈమె చేతిలో పెట్టి, "వీడు నీకు మరిది కాదమ్మా, తొలిచూలు బిడ్డ అనుకో" అంది. ఈరమ్మ అలాగే అనుకుంది. ఇప్పుడు వాడికి ఇరవై రెండేళ్ళు. దున్నపోతులా ఉండాల్సిన వయసులో ఎండిన జొన్నచొప్పలా ఉన్నాడు. ఈ కరువులోంచి వాణ్ణి ప్రాణాలతో ఒడ్డెక్కించాలి. ఆమెకు అంతకు మించిన కోరిక లేదు.

ఈరమ్మకు మామ నేర్పిన విద్య ఒకటుంది. ఆయన అనేవాడు, "మనిషిని చెప్పమంటే తనకు కావలసింది చెబుతాడు. చెప్పును చెప్పమంటే ఉన్నది చెబుతుంది" అని. మడమ బయటివైపు అరిగితే నెత్తిన బరువు మోసేవాడు. బొటనవేలి దగ్గర అరిగితే గట్లెక్కి దిగేవాడు. ఒక కాలిది ముందు అరిగితే ఇంట్లో దిగులున్నవాడు. ఈ చివరిది మాత్రం మామగారి సొంత పైత్యమని ఈరమ్మకు అనుమానం.

ఊళ్ళో ముగ్గురు ఆకలికి పోయాక, ఇక ఉంటే నాలుగోవాళ్ళం మనమేనని ఈరమ్మ, మారెన్న కడుపు చేతపట్టుకుని కోటపేటకు బయల్దేరారు.

కోటపేట తూర్పు వాకిలి దగ్గర కూలీల అడ్డా. అక్కడ నడుమెత్తు రాయి ఒకటి ఉండేది. దాన్ని పిలుపురాయి అనేవాళ్ళు. పనివాళ్ళు కావలసినవాడు తెల్లవారగానే ఆ రాయెక్కి, పని ఏమిటో, తిండి ఏమిటో కేకేసి చెప్పాలి. నచ్చినవాళ్ళు అతని వెంట వెళతారు. ఆ పొద్దున ముగ్గురు రాయెక్కారు.

మొదటివాడు దివాణం పెద్దమనిషి. జరీ కండువా సర్దుకుని చెప్పాడు.

"రాజుగారి ఊరేగింపులో వీధి పక్కన నిలబడి జయజయలు కొట్టాలి. కరువు దెబ్బకు జనానికి గొంతు లేవడం లేదు. అందుకని కూలికి పెడుతున్నాం. దివాణం వంటశాలలో మిగిలిన అన్నం పెడతాం."

ఈరమ్మ ముందుకు వచ్చి అడిగింది. "అయ్యా, మీ దగ్గర పాతకాపులెవరు?"

పాతకాపు అంటే తెలుసుగా, ఒకే చోట ఏళ్ళ తరబడి పాతుకుపోయినవాడు. పెద్దమనిషి పక్కనున్న ఒకణ్ణి చూపించాడు. పదేళ్ళుగా జయజయలు కొడుతున్న మనిషి. ఈరమ్మ అతని మొహం చూడలేదు, చెప్పులు చూసింది. కింది అట్ట కొత్తగా ఉంది. పైన పట్టే తోలువారు మాత్రం చెమటకు నల్లబడి ఉంది. అంటే చెప్పులు కాళ్ళకు తొడుక్కున్న రోజులకంటే చేతపట్టుకుని వంగి నిలబడిన రోజులే ఎక్కువన్నమాట.

"అన్నా, ఇంటికి ఎప్పుడు వెళ్ళావు?" అని మెల్లిగా అడిగింది.

"మా అమ్మ పోయినప్పుడు వెళతానన్నాను. ఆ రోజు ఊరేగింపు ఉంది" అన్నాడతను. అని, మళ్ళీ నేల చూశాడు.

ఈరమ్మ వెనక్కి వచ్చింది. "ఇది చంపదు నాయనా. కానీ మనిషిని నిటారుగా నిలబడనివ్వదు."

"ఊళ్ళో చచ్చినవాళ్ళ పేరు చెప్పి ఏడవాల్సిన గొంతుతో జై కొట్టమంటావా వదినా?" అన్నాడు మారెన్న. అక్కడితో ఆ పని అయిపోయింది.

రెండోవాడు ముత్యాలప్ప అనే ముసలాయన. రాయెక్కడానికే ఆయనకు ఇద్దరు చెయ్యి పట్టాల్సివచ్చింది.

"పేట కింది చెరువుకు గండి పడింది. కట్ట వేస్తున్నాం. వాన వచ్చిన నాడు నీళ్ళు నిలవాలి గదా. రోజుకు ఒక సంగటి ముద్ద. ముద్ద పెద్దది కాదు, అబద్ధం కూడా కాదు."

ఆయన పాతకాపులు నలుగురు వెంటే ఉన్నారు. ఈరమ్మ వాళ్ళ చెప్పులు చూసి ముచ్చటపడింది. అతుకు మీద అతుకు, దాని మీద అతుకు. అసలు అట్ట ఏదో వాళ్ళకే తెలియదు. ముప్పై ఏళ్ళుగా పొద్దున పనికి నడిచి, సాయంత్రం ఇంటికి నడిచిన చెప్పులవి. పోయిన దారీ ఉంది, వచ్చిన దారీ ఉంది.

"ఇక్కడ చేరదాం" అంది ఈరమ్మ.

"ఒక్క ముద్దకా?" అన్నాడు మారెన్న. వాడి కళ్ళప్పుడే మూడోవాడి మీద ఉన్నాయి.

ఆ మూడోవాడు ఎర్రకొండ వజ్రాల గని మేస్త్రి. చెవికి బంగారు పోగు, కాళ్ళకు కిర్రుచెప్పులు, ముందుకు బొజ్జ. ఆ కరువులో బొజ్జ ఉన్న మనిషి కనబడితే జనం దేవుణ్ణి చూసినట్టు చూశారు.

"మూడు పూటలా వరన్నం" అన్నాడు. అడ్డా అంతటా గుటకలు వినబడ్డాయి. "పండక్కి పొట్టేలు కూర. ఏడాది చేసినవాడికి ఎకరం మాగాణి. ఇంకేం కావాలి?"

"పాతకాపులెవరయ్యా?" అంది ఈరమ్మ.

మేస్త్రి నవ్వాడు. "మా దగ్గర పాతకాపులుండరమ్మా. ఏడాది తిరిగేసరికి ఎకరం రాయించుకుని రైతులైపోతారు. మళ్ళీ గనికెందుకొస్తారు?"

జనం కూడా నవ్వారు. ఆకలితో ఉన్నవాడికి ఇలాంటి జవాబు ఎంత తీపిగా ఉంటుందో ఆకలి తెలిసినవాళ్ళకే తెలుసు. ఈరమ్మ మేస్త్రి కిర్రుచెప్పుల వంక చూసింది. నిన్నో మొన్నో కొన్నవి. కొత్త చెప్పుకు ఇంకా మాటలు రావు.

"ముందు చోటు చూసొస్తాం. ఆ తర్వాత చేరతాం" అంది.

"ఎర్రకొండ రెండు రోజుల నడక. మూటలు బండిలో, మనుషులు బండి వెనక. బండి ఇప్పుడే కదులుతుంది. వస్తే రండి, లేకపోతే ఆ సంగటి ముద్ద ఉండనే ఉంది."

ముత్యాలప్ప రాయి పక్కన కూర్చునే ఉన్నాడు. "దూరపు కొండలు నునుపు, అబ్బాయీ" అన్నాడు.

"దగ్గరి కట్ట మాత్రం నునుపా తాతా? కడుపుకు అదీ గరుకే" అన్నాడు మారెన్న. తర్వాత వదినను పక్కకు పిలిచాడు.

"ఎకరం మాగాణి వదినా. నీ పేరనే రాయిస్తాను. నువ్వు నాకోసం పస్తులున్న రోజులు నాకు తెలియవనుకున్నావా? 'నేను తిన్నాలే నాయనా' అని నువ్వన్న ప్రతిసారీ వెళ్ళి కుండ చూసేవాణ్ణి."

ఈరమ్మ వద్దు అనాలి. అంటే వాడు ఆగేవాడే. కానీ ప్రేమతో అడిగినవాడికి వద్దని చెప్పడం ఎంత కష్టమో! అందులోనూ ఆమె నిన్నటి నుంచి ఏమీ తినలేదు.

మూటలోంచి చెప్పుల జత తీసింది. వాడి కోసమే కుట్టింది. మూడు పొరల అట్ట, మడమ దగ్గర ఏడు కుట్లు, ఏడో కుట్టుకు ముడి లోపలివైపు. అందరూ ముడి బయట వేస్తారు. లోపలి ముడి వాళ్ళింటి గుర్తు.

"వెళ్ళడానికీ రావడానికీ సరిపోయేలా కుట్టాను" అంది.

"వందో రోజుకు వీటితోనే వస్తాను వదినా. మధ్యలో ఎవరు బంగారు చెప్పులిచ్చినా కాలు పెట్టను. నీ మీద ఒట్టు."

బండి కదిలింది. మలుపు దగ్గర మారెన్న ఒంటికాలి మీద నిలబడి, కుడికాలు పైకెత్తి చెప్పు చూపించి నవ్వాడు. ఆ తర్వాత దుమ్ములో కలిసిపోయాడు.

ఈరమ్మ చెరువు కట్టకు మట్టి మోసింది. సాయంత్రం ఒక ముద్ద తినేది. రోజుకొక ముడి చొప్పున తోలుతాడుకు వేసుకునేది. ముప్పయ్యో ముడి వేసిన నాడు గని మేస్త్రి స్వయంగా కట్ట మీదికి వచ్చాడు. వెనక బండి, బండిలో ఒక గంప. బండి తోలేవాడు సుంకన్న. ఎవరితోనూ మాట్లాడని మనిషి.

"చెప్పులు కుట్టేది నువ్వేనటగా? గనిలో అందరికీ కొత్త చెప్పులిస్తున్నాం. పాతవి పోగుపడ్డాయి. బాగుచేసిపెడితే సంతలో అమ్ముకుంటాం. రెండు పూటలా వరన్నం పంపిస్తాను."

"మా మారెన్న?"

"నిక్షేపంగా ఉన్నాడు. వాడికీ నాలాగే బొజ్జ వస్తోంది."

ఈరమ్మ నవ్వింది. మూడేళ్ళలో అదే మొదటిసారి. ముత్యాలప్పను అడిగితే ఆయన, "పొమ్మనను, వద్దనను తల్లీ. నా ముద్ద ఎక్కడికీ పోదు" అన్నాడు.

అందరినీ పాతకాపులెవరని అడిగిన మనిషి, తన వంతు వచ్చేసరికి మాత్రం అడగలేదు. నాకు ముందు ఈ చెప్పులు బాగుచేసింది ఎవరు, ఆ మనిషి ఏమైంది అని ఒక్క మాట అడగలేదు. అన్నం వేడిగా ఉంది మరి.

మొదటి గంప. నలభై జతలు. ఒక్కొక్కటీ ఒడిలో పెట్టుకుని చూసింది. కుట్ల సందుల్లో కింద నల్లరేగడి, దాని పైన ఎర్రమట్టి. పేట నుంచి కొండకు నడిచిన చెప్పులు. మళ్ళీ నల్లరేగడి తొక్కిన గుర్తు ఒక్కదానికీ లేదు. పోయిన దారి ఉంది, వచ్చిన దారి లేదు. కొత్తవి ఇచ్చారన్నాడుగా, అవి తొడుక్కుని వచ్చి ఉంటారులే అనుకుంది. అనుకుని, అన్నం కలుపుకుంది.

రెండో గంప యాభయ్యో ముడి నాడు వచ్చింది. ఒక చెప్పు వారు కింద చిన్న తాయెత్తు దొరికింది. ఏ తల్లో నల్లదారంతో కట్టి కొడుకు చెప్పులో దాచిన తాయెత్తు. కొత్త చెప్పులిస్తే పాతవి పారేస్తారు, సరే. తాయెత్తు పారేస్తారా? ఈరమ్మ సూది పక్కన పెట్టింది. మేస్త్రిని అడిగింది.

"నిన్ను చెప్పులు కుట్టమన్నానా, ప్రశ్నలు కుట్టమన్నానా?" అన్నాడు మేస్త్రి. ఆ పూట అన్నం మీద నెయ్యి కూడా పంపించాడు.

పిల్లలూ, ఈరమ్మ చెడ్డది కాదు. మూడేళ్ళ ఆకలిని పక్కన కూర్చోబెట్టుకుని ఆమెను తప్పు పట్టడం నాకు చేతకాదు. కానీ ఆ నెయ్యన్నం తిన్నది, నోరు మూసుకుంది. ఆ తాయెత్తు మాత్రం కొంగున కట్టుకుంది.

మూడో గంప తొంభై ఒకటో ముడి నాడు వచ్చింది. పొద్దున్నే ఎండ బాగా కాస్తోంది. ఈరమ్మ గంపలో చెయ్యి పెట్టి పైనున్న జత తీసింది. మడమ దగ్గర కుట్లు తడిమింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు. ఏడో కుట్టుకు ముడి లోపల ఉంది.

చెప్పులు తిరగేసింది. కింద నల్లరేగడి, పైన ఎర్రమట్టి. రెండు రోజులు నడిచిన అరుగుదల, అంతే. మూడు పొరల్లో మొదటి పొర కూడా చెదరలేదు. వేరే చెప్పులో కాలు పెట్టనని వాడు ఒట్టేశాడు. వాడు ఒట్టు తప్పేవాడు కాదు. పక్కన ఆకులో అన్నం చల్లారుతోంది. తినడానికి చెయ్యి రాలేదు. అరవై రోజులుగా తను తిన్నది ఎవరి కాళ్ళ కిందిదో అప్పుడు తెలిసింది. అప్పుడు ఏడ్చింది.

ఏడుపు ఆపుకుని లేచి, గంప నెత్తిన పెట్టుకుని అడ్డాకు నడిచింది.

మేస్త్రి పిలుపురాయి మీదే ఉన్నాడు. వరన్నం, పొట్టేలు కూర, ఎకరం మాగాణి. కింద నలభై యాభై మంది మగవాళ్ళు బండి వెనక వరస కట్టారు. చుట్టూ వాళ్ళను సాగనంపడానికి వచ్చిన ఆడవాళ్ళు. ఈరమ్మ గంప దించింది. రాయి చుట్టూ చెప్పులు జతలు జతలుగా పేర్చింది.

"ఏమమ్మా, ఇక్కడ దుకాణం పెడుతున్నావా?" అన్నాడు మేస్త్రి.

ఆడవాళ్ళలో ఒకామె వంగి ఒక జత చేతిలోకి తీసుకుంది. "ఇవి మా ఆయనవి. ఈ వారు నేనే అల్లాను" అంది. ఇంకొకామె ఇంకో జత తీసింది. చూస్తూ చూస్తూ ఉండగానే పదకొండు జతలకు మనుషులు దొరికారు. ఈరమ్మ కొంగు ముడి విప్పి తాయెత్తు ఎత్తి చూపించింది. గుంపు వెనక నుంచి ఒక ముసలమ్మ వచ్చి, దాన్ని తీసుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "కొత్తవి ఇచ్చాం, పాతవి విడిచారు. గనిలోకి చెప్పులతో పోనివ్వం. అట్టలో వజ్రాలు దాచేస్తారని వాకిట్లోనే విడిపిస్తాం."

"సరే. ఏడాది అయ్యాక రైతులై ఇంటికెళ్ళారన్నావు. ఏ ఊరి రైతులయ్యారు?"

"దూరపు ఊళ్ళు."

"ఎట్లా వెళ్ళారు? దారంతా పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు. వట్టికాళ్ళతో వెళ్ళారా?"

"బండిలో పంపించాం."

"బండి ఇదొక్కటే గదా నీకు" అంది ఈరమ్మ. అప్పుడు మేస్త్రి వంక చూడటం మానేసి బండి వంక తిరిగింది. "సుంకన్నా, నువ్వు పాతకాపువు. వీళ్ళందరిలో పాతకాపువు నువ్వొక్కడివే. పోయేటప్పుడు నీ బండి వెనక మనుషులు నడుస్తారు. వచ్చేటప్పుడు బండిలో ఎవరు వస్తారు?"

సుంకన్న ఎద్దుల మూపు నిమిరాడు. అతనికి ఇంట్లో అయిదుగురు పిల్లలు. వాళ్ళూ ఆ గని అన్నమే తింటున్నారు.

"చెప్పులు వస్తాయమ్మా" అన్నాడు. "నాలుగేళ్ళుగా చెప్పులే వస్తున్నాయి. నీకు ముందు ఇవి కుట్టిన ముసలాయన ఈ మాటే నన్ను అడిగాడు. మర్నాడు ఆయన్నీ గనికే తీసుకెళ్ళమన్నారు. తీసుకెళ్ళాను."

మేస్త్రి రాయి దిగి పారిపోబోయాడు. కిర్రుచెప్పులు పరుగుకు పనికిరావు. అందరూ పట్టుకున్నారు.

అక్కడి నుంచి జనం కోటకు నడిచారు. ఒక్కొక్కరి నెత్తిన ఒక్కొక్క జత. ద్వారపాలకుడు ఈటె అడ్డం పెట్టాడు.

"కొలువులోకి చెప్పులు తేకూడదు. బయట విడవండి."

"ఇవి బయట విడిచినవే నాయనా" అంది ఈరమ్మ. "విడిచినవాళ్ళు లోపలి నుంచి రాలేదు. అందుకే తెచ్చాం."

ఈటె పక్కకు జరిగింది. రాజు సింహాసనం మీద కూర్చుని అంతా విన్నాడు. ముఖం ఎర్రబడింది. "ఇంత ఘోరమా! ఎవరిదా గని? వాణ్ణి ఈ క్షణమే నా ముందుకు తీసుకురండి" అన్నాడు.

మంత్రి తల వంచుకున్నాడు. రాజు మళ్ళీ అడిగాడు. మంత్రి వంగి చెవిలో చెప్పినా, కొలువంతా నిశ్శబ్దంగా ఉంది కాబట్టి అందరికీ వినబడింది.

"తమదే ప్రభూ."

రాజుకు తన గని అని తెలియదా అంటే తెలుసు. వజ్రాలు వస్తాయని తెలుసు. అవి తవ్వేవాళ్ళు ఏమవుతారో ఎప్పుడూ అడగలేదు. ఆయనా ఈరమ్మలాగే నెయ్యన్నం తిని ఊరుకున్నాడు. ఆమెకైతే ఆకలి ఉంది. ఆయనకు అదీ లేదు.

సైనికులు ఎర్రకొండకు వెళ్ళారు. ఈరమ్మ వాళ్ళ వెంట నడిచింది. గని అంటే నిలువు గుంతలు. పక్కలకు ఆనకర్రలు లేవు. కర్రలు పెడితే ఆలస్యమని పెట్టలేదు. గుంత కూలితే పైన ఇంకో గుంత తవ్వేవాళ్ళు. పారిపోవడానికి చుట్టూ ముళ్ళు, కాళ్ళకు చెప్పులు లేవు. నాలుగేళ్ళలో మూడు వందల మందికి పైగా వెళ్ళారు. ప్రాణాలతో దొరికింది ముప్పై ఆరుగురు. మిగిలినవాళ్ళకు పైన ఎర్రమట్టి ఉంది.

ముప్పై ఆరుగురిలో మారెన్న ఉన్నాడు.

ఒక తాటాకుల పాకలో గడ్డి మీద పడుకుని ఉన్నాడు. వదినను చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు. గుంత కూలినప్పుడు బండ పడింది. కుడికాలికి పాదం లేదు.

"వందో రోజు అయిపోయిందా వదినా?" అన్నాడు.

"ఇంకా నాలుగు రోజులుంది నాయనా. నువ్వు మాట తప్పలేదు" అంది ఈరమ్మ. వాణ్ణి వీపున వేసుకుని ఎర్రమట్టి దారి దిగి, నల్లరేగడి తొక్కుతూ, వాడి బరువు మోసుకుని పేటకు వచ్చింది.

మేస్త్రికి ఏ శిక్ష పడాలో ఆ శిక్ష పడింది, దాన్ని చప్పరిస్తూ చెప్పను. గని మూసేశారు. రాజు ఈరమ్మను పిలిచి ఏం కావాలో కోరుకోమన్నాడు. ఎకరం మాగాణి అడుగుతుందని అందరూ అనుకున్నారు.

"పిలుపురాయి ఎక్కేవాడు ఎవరైనా సరే, పక్కన పాతకాపును నిలబెట్టాలి ప్రభూ. పాతకాపు లేనివాడికి మనిషిని ఇవ్వకూడదు. దివాణానికైనా సరే" అంది.

రాజు సరేనన్నాడు. కాదనడానికి ఆయనకు ఆ రోజు నోరు లేదు.

నాలుగో ఏడు వాన పడింది. గొప్ప వానేం కాదు. ముత్యాలప్ప కట్ట నిలిచింది, చెరువులో మోకాలెత్తు నీళ్ళు నిలిచాయి. ముత్యాలప్ప మాత్రం ఆ నీళ్ళు చూడకుండానే వెళ్ళిపోయాడు. ఆయన ముద్ద పెట్టే పని ఈరమ్మ చేతికి వచ్చింది. సుంకన్న ఆ కట్టకే మట్టి తోలాడు. ఎవరితోనూ మాట్లాడడు, ఎవరూ అతన్ని పలకరించరు.

ఏటా ఈరమ్మ మరిదికి చెప్పులు కుట్టేది. ఒక్కటి చాలు, కానీ జతే కుట్టేది. ఎడమది వాడు తొడుక్కుని, కర్ర పట్టుకుని, తెల్లవారగానే అడ్డాకు వెళ్ళి పిలుపురాయి పక్కన కూర్చునేవాడు. కుడిది ఆ రాయి పక్కన పాతిన పొడుగు గుంజ మేకుకు వేలాడేది. పనివాళ్ళ కోసం వచ్చే ప్రతివాడూ దాని కింద నిలబడే కేకెయ్యాలి. ఎడమ చెప్పులు ఎన్నో అరిగిపోయాయి. కుడి చెప్పులకు మట్టి కూడా అంటలేదు.

వరన్నం మాట వినగానే ఏ కుర్రాడైనా ముందుకు ఉరికితే, మారెన్న వాణ్ణి తిట్టేవాడు కాదు, ఆపేవాడు కాదు. తలెత్తి ఆ మేకు వంక చూసేవాడు, అంతే. వాడు కూడా చూసేవాడు. చూసి, అడగాల్సింది అడిగేవాడు.

కాబట్టి పని ఇస్తానన్నవాణ్ణి ఏం పెడతావని అడిగే ముందు, నాకు ముందు చేసినవాడు ఎక్కడున్నాడని అడగండి. ఆ మాట అడగకుండా తిన్న అన్నం ఎంత వేడిగా ఉన్నా ఒంటికి పట్టదు.